పుట్టగొడుగు ఒక్క రాత్రిలో పుట్టదు

(తిరుపతిలో ఉదయపు నడక మిత్రుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత భూగోళం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు ‘నడక – ఆరోగ్యం’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. సరేనన్నాను గానీ ఇంటికెళ్లాక భయం పట్టుకుంది. షుగరు గురించి, బీపీ గురించి చెప్పడానికి ఈ సభలోనే ముగ్గురు డాక్టర్లున్నారు. ఆ రెండూ ఉన్నవాణ్ని నేను. (నవ్వులు) అందుకని నడకను ఉంచుకుని ఆరోగ్యాన్ని వాళ్లకే వదిలేస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా భూగోళం పాఠం చెప్పాను కాబట్టి, మాట ఎక్కడ మొదలుపెట్టినా చివరికి రాళ్ల దగ్గరికే వస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

పోయిన భాద్రపదంలో, రెండు మంచి వానలు పడ్డాక, తలకోన వెళ్లాం. నేనూ, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవడూ. మీలో చాలామంది వెళ్లే ఉంటారు, భాకరాపేట మీదుగా పోతాం కదా. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర బండి పెట్టి, అక్కడి వాచరు ఒకాయన్ని తోడు తీసుకుని జలపాతం వైపు నడిచాం. కుర్రాళ్లు గంటలో పోయి వచ్చే దారి అది. మాకు పోవడానికే మూడు గంటలు పట్టింది. మావాడి చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ ఉంది. దాన్ని చూసుకుని, "తాతా, ఇంతసేపు తిరిగినా నాలుగు వేల అడుగులు కూడా రాలేదు. నీతో వస్తే గుండెకు ఏం లాభం లేదు" అన్నాడు. నిజమే మరి. పది అడుగులకోసారి నేను ఆగిపోతుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు.

నేను ఆ రోజు ఆగిన చోట్ల గురించే ఇవాళ మీకు చెప్పబోయేది.

మొదట ఆగింది ఒక బండ దగ్గర. దారి పక్కనే, నడుమెత్తు ఉంటుంది. దాని మీద బూడిదరంగు, పసుపు, లేత ఆకుపచ్చ మచ్చలు. దూరం నుంచి చూస్తే ఎవరో సున్నం చిలకరించి పోయారనిపిస్తుంది. అవి ప్రాణమున్నవి. పుస్తకాల్లో లైకెన్లు అని రాస్తారు. ఆ పేరు కొత్తగా ఉన్నా సరుకు మనకు కొత్త కాదు, వీటి బంధువు ఒకటి మీ వంటింట్లోనే ఉంది. బిర్యానీ మసాలాలో వేస్తాం చూడండి, నల్లగా, ఎండాకు ముక్కలా, ఊదితే ఎగిరిపోయేటట్టు ఉంటుంది, రాతిపువ్వు. అదే. పేరులో పువ్వు ఉంది గానీ అది పువ్వూ కాదు, అసలు మొక్కే కాదు. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి పెట్టుకున్న కాపురం. నాచు ఎండ పట్టుకుని వంట చేస్తుంది. శిలీంధ్రం గూడు కట్టి తడిని ఆపుతుంది. ఇద్దరిలో ఎవరూ ఆ బండ మీద ఒంటరిగా బతకలేరు.

2009లో ఇదే బండ మీద ఒక మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీశాను, తరగతిలో పిల్లలకు చూపిద్దామని. ఈసారి ఆ ఫొటో జేబులో పెట్టుకుని వెళ్లాను. మళ్లీ బిళ్ల పెట్టి పోల్చి చూశాం. ఇన్నేళ్లలో ఆ మచ్చ అంచు ఎంత జరిగిందంటారా? ఒక బియ్యపుగింజ పొడవు. మావాడు "ఇంతేనా!" అన్నాడు. ఈ మధ్యలో వాడు రెండడుగులు పెరిగాడు, మా ఊళ్లో రెండు అపార్టుమెంట్లు లేచాయి, నేను రిటైరయ్యాను. ఆ మచ్చ మాత్రం ఒక్క బియ్యపుగింజంత జరిగింది.

అయితే ఊరికే జరగలేదు. దాని ఒంట్లోంచి సన్నగా ఆమ్లాలు ఊరుతాయి. శిలీంధ్రపు పోగులు రాతి సందుల్లోకి దిగుతాయి. తడిసినప్పుడు ఉబ్బుతాయి, ఎండినప్పుడు ముడుచుకుంటాయి. వానకూ ఎండకూ అలా లాగి వదిలీ లాగి వదిలీ రాయిని రేణువు రేణువుగా ఊడదీస్తాయి. గోటితో గీకితే పొడి రాలింది. మట్టి అనే పదార్థం మొదలయ్యేది అక్కడే. ఆ పొడి ఒక సందులో పోగైతే పాచి పట్టుకుంటుంది, పాచి తడిని ఆపితే గడ్డిపరక మొలుస్తుంది, ఆ గడ్డి కుళ్లితే తర్వాత దేనికో ఎరువవుతుంది. అంగుళం మందం మట్టి కావాలంటే వందల ఏళ్లు. అదే అంగుళం, గట్టు తెగిన చేలో ఒక్క గట్టివానకు మధ్యాహ్నంలోపు కొట్టుకుపోతుంది. ఈ లెక్క తర్వాత మళ్లీ పనికొస్తుంది, మనసులో పెట్టుకోండి.

అక్కణ్నుంచి కొంచెం దూరం పోగానే వాచరు "సార్, చూసుకోని నడవండి, తొక్కేస్తారు" అన్నాడు. కిందికి చూస్తే, పుట్ట పక్కన తెల్లగా పుట్టగొడుగులు. ముప్పై నలభై ఉంటాయి. ముందు రోజు సాయంత్రం అక్కడ ఏమీ లేదట.

మనం మాటవరసకు అంటుంటాం, ‘చిట్‌ఫండ్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’, ‘కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయి’ అని. రాత్రికి రాత్రి వచ్చి రాత్రికి రాత్రి పోయేవని అర్థం. నేనూ తరగతిలో అలాగే వాడేవాణ్ని. ఆ మాటలో మనం పుట్టగొడుక్కి చాలా అన్యాయం చేస్తున్నాం.

పేరులోనే ఉంది, అది పుట్టకు పట్టిన గొడుగు. పుట్ట కట్టేవి చెదలు. చెద పురుగు ఎండుటాకు, పుల్ల, బెరడు తెస్తుంది గానీ చెక్క పదార్థాన్ని ఇవి సొంతంగా సరిగా అరిగించుకోలేవు. అందుకని పుట్టలోపల గదుల్లో ఒక శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. నమిలి తెచ్చిన సరుకును స్పాంజిలాంటి దిమ్మలుగా పేరుస్తాయి. వాటి మీద ఆ శిలీంధ్రం పెరిగి దాన్ని మెత్తబరుస్తుంది, చెదలు దాన్ని తింటాయి. చేనికి నీళ్లు కట్టినట్టే గదిలో తేమ, వేడి తగ్గకుండా చూసుకుంటాయి. ఏళ్ల తరబడి నడిచే వ్యవసాయం ఇది. ఒక ఏడాది వానాకాలంలో, తడీ వేడీ సరిగ్గా కుదిరిన రోజున, ఆ దిమ్మ మీది నుంచి ఒక కాడ మట్టిని తోసుకుంటూ పైకొచ్చి గొడుగు విప్పుతుంది. జాగ్రత్తగా పీకి చూడండి, కింద పొడుగాటి వేరులాంటిది ఉంటుంది, దాని మొదలు పుట్టలోపలి ఆ తోటలో ఉంటుంది. మనకు కనపడింది ఒక్క రాత్రే. ఆ రాత్రి వెనక ఎన్ని వానాకాలాలున్నాయో పుట్టకే తెలియాలి.

పుట్ట అనేసరికి మనం తిరుపతివాళ్లం ఇంకో మాట గుర్తు తెచ్చుకోకుండా ఉండలేం. స్వామివారే పుట్టలో ఉన్నారనీ, ఆవు వచ్చి పాలు ధారపోసిందనీ కథ. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు, పుట్టను బట్టి కింద నీటి జాడ చెప్పొచ్చని రాశాడు. చెద పురుగంటే తలుపులు తినే శత్రువని మనకు కోపం, ఆ శత్రువు కట్టిన ఇంటికి మాత్రం పసుపు కుంకుమ. ఈ రెండూ మనకే చెల్లు. (నవ్వులు)

తర్వాత గిల్లతీగ దగ్గర ఆగాం. తలకోన వెళ్లి గిల్లతీగ చూడకుండా వచ్చినవాళ్లు ఎవరూ ఉండరు, పిల్లలు దాని మీద ఊగుతారు కూడా. తీగ అని పేరే గానీ మొదలు మనిషి తొడంత లావు. ఒక మాను మీంచి ఇంకో మాను మీదికి, అక్కణ్నుంచి కిందికి జారి మళ్లీ పైకి, లారీకి కట్టిన మోకు విప్పి పడేసినట్టు మెలికలు. చిక్కుడు కుటుంబం దీనిది. కాయ మీటరు పొడవు దాకా పెరుగుతుంది. గింజలు గోధుమరంగులో నున్నగా, వాచీ డయలంత ఉంటాయి. పెంకు ఎంత గట్టిదంటే, ఈ జాతి గింజలు వాగులో పడి ఏట్లోకి, ఏటినుంచి సముద్రంలోకి పోయి, నెలల తరబడి తేలి, వేరే దేశాల ఒడ్డున మొలకెత్తగలవు.

దాన్ని చూస్తూ నేను, "ఈ తీగ వయసెంత ఉంటుందప్పా?" అని వాచరుని అడిగాను. ఆయన, "మా జేజినాయన చిన్నప్పుడు కూడా ఇంతే ఉండిందంట సార్. ఇది పాకిన మాను ఎప్పుడో పాయ. ఇది మాత్రం అట్నే ఉండాది" అన్నాడు. పైకి చూశాను. నిజమే, ఒకచోట తీగ ఖాళీ గాలిలో దేన్నో చుట్టుకున్నట్టు వంగి ఉంది. అక్కడ ఒకప్పుడు ఒక కొమ్మ ఉండేది, అది పుచ్చి రాలిపోయింది, దాన్ని చుట్టుకున్న వంపు మాత్రం మిగిలింది. లేని కొమ్మను పట్టుకుని ఉంది ఆ తీగ. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. మావాడు కూడా ఈసారి వాచీ చూసుకోలేదు.

సరే, జలపాతం. 270 అడుగులు అని బోర్డుల మీద రాస్తారు, మన రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తయినదని చెబుతారు. నాకు ఎత్తుకంటే ఆ నీళ్ల మీదే ఎక్కువ ఆశ్చర్యం. వానలు ఆగిన ఎన్నో వారాల తర్వాత కూడా ధార పడుతూనే ఉంటుంది. వాన లేదు, పైన చెరువు లేదు, మరి నీళ్లెక్కడివి? ఆ కొండే ట్యాంకు. పైనున్న రాయి క్వార్ట్‌జైటు. రాయి గట్టిదే, సుత్తితో కొడితే నిప్పులు రాలతాయి. కానీ నిలువునా అడ్డంగా పగుళ్లు. అడవి నేల మీద ఆకుల మెత్త వానను ఒక్కసారిగా పారనివ్వకుండా పట్టి, ఆ పగుళ్లలోకి దించుతుంది. కొండ దాన్ని నెలల తరబడి బొట్టు బొట్టుగా వదులుతుంది. ఆ మెత్త లేని బోడికొండ మీద పడిన వాన సాయంత్రానికల్లా వరదై పోయి, మర్నాటికి వాగు ఎండిపోతుంది. వాన ఒకటే. పోయే తొందరలోనే తేడా.

ఇప్పుడు రాళ్ల దగ్గరికి వచ్చేశాం. ముందే చెప్పాను కదా.

ఈ క్వార్ట్‌జైటు ఒకప్పుడు ఇసుక. సముద్రపు ఒడ్డు ఇసుక. కొన్ని పలకల మీద అలల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి, మెరీనా బీచిలో నీళ్లు వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద ఎలా ఉంటాయో అలాగే. మనం గోవిందా గోవిందా అంటూ ఎక్కే కొండ సముద్రం అడుగున పేరుకున్న ఇసుక. ఆ ఇసుక గట్టిపడి ఈ రాయయి సుమారు 160 కోట్ల ఏళ్లు.

మీరంతా కొండకు వెళ్లేవాళ్లే. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర బోర్డు ఉంటుంది, భారత భూగర్భ సర్వే వాళ్లు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అని నోరు తిరగని పేరు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆయన దీన్ని గుర్తించాడు. అక్కడ కొండ కోతలో ఒక గీత ఉంటుంది. గీతకు పైన మనం చెప్పుకున్న ఇసుకరాయి. కింద గ్రానైటు, 240 కోట్ల ఏళ్లకు పైబడిన పాత రాయి. రెండిటికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల తేడా. బొటనవేలు కింది రాయి మీదా, చూపుడువేలు పై రాయి మీదా పెట్టొచ్చు. మధ్యలో జానెడు కూడా లేదు. హాజరుపట్టీ తిప్పితే 80 కోట్ల ఏళ్లు గైర్హాజరు. మనం బస్సులో ఆ గీతను రెండు సెకన్లలో దాటేస్తాం. సరిగ్గా అప్పుడే వెనక సీట్లో ఎవరి పిల్లాడికో వాంతి వస్తుంది, మనం కవరు వెతుకుతుంటాం. (నవ్వులు)

చాలా ఏళ్లు నేను పిల్లలకు ఆ 80 కోట్ల ఏళ్లను ‘ఖాళీ’ అనే చెప్పాను. రికార్డు లేదు కాబట్టి ఏమీ జరగలేదన్నట్టు. ఒక రోజు వెనక బెంచీ పిల్లాడు అడిగాడు, "సార్, అన్నేళ్లు రాయి ఊరికే కూర్చుందా?" అని. ఇంటికెళ్లి ఆలోచిస్తే సిగ్గేసింది. ఊరికే ఎందుకు కూర్చుంటుంది? ఆ కాలమంతా పాత కొండలు అరిగాయి. ఎండకు పగిలి, గాలికి రాలి, వానకు కొట్టుకుపోయి చదునైపోయాయి. అది పూర్తయ్యాకే సముద్రం వచ్చి ఆ చదును మీద ఇసుక పరిచింది. ఆ గీత అరుగుదల పెట్టిన సంతకం.

మర్నాడు బోర్డు మీద ఒక లెక్క వేశాను. ఊహ లెక్కే. నేల వందేళ్లకు ఒక్క మిల్లీమీటరు అరుగుతుందనుకుందాం. గోటి మందంకంటే కొంచెం ఎక్కువ. మీ తాత పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి వరకు అంతే. 80 కోట్ల ఏళ్లకు ఎంత? 80 లక్షల మిల్లీమీటర్లు. అంటే 8 కిలోమీటర్లు. ఎవరెస్టు 8,849 మీటర్లు. దాదాపు అంత కొండను గోటిమందం చొప్పున, తొందర లేకుండా, సెలవు లేకుండా తీసేయొచ్చు. ఆ పిల్లాడికి నేనింకా కృతజ్ఞతలు చెప్పలేదు.

తిరుమలలో శిలాతోరణం కూడా ఇదే పని. గుడి నుంచి చక్రతీర్థం వైపు పోతే కనిపిస్తుంది, రెండు బండలను కలిపే సన్నటి రాతి వంతెన. ఎవరూ చెక్కలేదు. మెత్తటి భాగం పోయింది, గట్టిది మిగిలింది. దాని ముందు నిలబడి మనవాళ్లు సెల్ఫీ తీసుకుంటారు. తీసుకోనివ్వండి, పాపం, అదేం తప్పు కాదు.

ఇంతవరకు చెప్పింది వింటే ప్రకృతి అంటే ఏదో ముసలాయన చుట్ట కాలుస్తూ నిదానంగా కూర్చున్నట్టు అనిపించొచ్చు. 2021 నవంబరు గుర్తుందా మీకు? ఎలా మరిచిపోతాం. మన వీధుల్లో పడవలు తిప్పాల్సినంత నీళ్లు. శ్రీవారి మెట్టు దారి వరదకు దెబ్బతిని మూతపడింది. బాగుచేసి మళ్లీ తెరిచింది 2022 మేలో. డిసెంబరు 1న పైకెళ్లే ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు జారిపడి రోడ్డు విరిగింది. టీవీలో ఆ వీడియో ఎన్నిసార్లు చూపించారో. అందరూ ఒక్క మాటే, ‘ఒక్కసారిగా కూలింది’.

ఆ బండ ఎప్పుడు పడిందని అడిగితే డిసెంబరు 1 అంటాం. ఎప్పటి నుంచి పడుతోందని అడిగితే? దాని వెనక పగుల్లోకి మొదటి నీటిబొట్టు దిగిన రోజు నుంచి. తర్వాత ఒక జువ్వి వేరు దిగింది. ఏటేటా కొంచెం మట్టి కారింది. ఎండకు సాగింది, చలికి కుదించుకుంది. ఎన్ని వందల ఏళ్లు పట్టిందో. చివరికి దాన్ని పట్టుకున్నది పిడికెడు మట్టో, ఒక రాతి మొనో మిగిలింది. ఆ వాన ఆ చివరి పిడికెడు తీసేసింది. ఆ వాన నేరం చేయలేదని అనడం లేదు. వాన కూడా మామూలు వాన కాదు, పైగా రోడ్డు కోసం మనం కొండ పాదం కోశాం, దాని వాటా దానికుంది. నేననేది ఒకటే. నిదానానికీ, ఆకస్మికానికీ మధ్య మనం గీసుకున్న గీత ఉందే, అది ఘాట్ రోడ్డులో గీతలాంటిది కాదు, మన కంటిలో ఉంది. పుట్టగొడుగైనా బండైనా, మనం చూడటం మొదలుపెట్టిన రోజును అది పుట్టిన రోజనుకుంటున్నాం. ఇంటి గోడకు చీలిక వచ్చినా, ఒంట్లో షుగరు వచ్చినా అంతే. డాక్టర్లు క్షమించాలి, మీ దారిలోకి వచ్చాను. (నవ్వులు)

ఇక్కడిదాకా వచ్చాక ప్రసంగాలిచ్చేవాళ్లు సాధారణంగా ఒక మాట చెబుతారు. ప్రకృతి ముందు మనిషెంత, మనం పోయినా అది ఉంటుంది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు అని. వినడానికి హాయిగా ఉంటుంది. చప్పట్లు పడతాయి. నేను ఆ మాట అనలేను. అనకపోవడానికి కారణం తిరుగుదారిలో కనిపించింది.

దారి పక్క ఒక మొద్దు. అడుగున్నర ఎత్తులో నరికేసి ఉంది. కోసిన చోట మధ్యలో ముదురు ఎరుపు, చుట్టూ పాలిపోయిన అంచు. ఎర్రచందనం. ఎన్నేళ్ల కిందటిదో. వాచరు దాని వైపు చూడకుండా నడిచాడు.

ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది మన చుట్టుపక్కలే. పాత చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల కొండలు, కొద్దిగా తమిళనాడు వైపు. అంతే. మంచి నేల అడగదు. రాళ్ల మధ్య, ఎండలో, అరకొర నీటితో పెరుగుతుంది. లోపల ఆ ఎర్రటి చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. చేవ ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆ బరువంతా కాలం బరువే అంటాను నేను. రంపంతో పడగొట్టడానికి అరగంట చాలు. అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి ఆంక్షలున్నాయి, అయినా ఆగలేదు. ఈ దుంగల కోసం అడవిలోకి వచ్చే కూలీలు ఎక్కడెక్కడి పేదవాళ్లో. 2015 ఏప్రిల్‌లో ఇదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. దాని మీద వాదాలు చాలా ఉన్నాయి, ఇది ఆ వేదిక కాదు. కానీ చెట్టు గురించి మాట్లాడి ఆ 20 మందిని వదిలేస్తే నాకు నిద్రపట్టదు.

ఇందాక మట్టి లెక్క మనసులో పెట్టుకోమన్నాను. అంగుళానికి వందల ఏళ్లు, పోవడానికి ఒక పూట. ఎర్రచందనానిదీ అదే లెక్క. నిదానంగా పనిచేసేదానికి బలం ఎంతుందో, బలహీనత కూడా అంతే ఉంది. కొండను అరగదీయగలదు గానీ రంపంతో పరుగుపందెం పెట్టలేదు. 80 కోట్ల ఏళ్లు చేతిలో ఉన్నవాడికి పరవాలేదు, ఎలాగైనా గెలుస్తాడు. ఎర్రచందనానికి అన్ని ఏళ్లు లేవు. మనకూ లేవు.

ఇదే కొండల్లో ఇంకో మొక్క ఉంది. సైకస్ బెడ్డోమి అంటారు. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతకూ దీనికీ సంబంధం లేదు. దీని వంశం డైనోసార్లకంటే పాతది, భూమి మీద పువ్వన్నది పూయకముందే ఉంది. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. వేసవిలో అడవి తగలబడితే మోడు నల్లగా మాడిపోతుంది, చచ్చిందనుకుంటాం, కొన్నాళ్లకు నెత్తిన లేతాకుల కిరీటం పెట్టుకుని లేస్తుంది. నిప్పుకు తట్టుకున్న మొక్క. మందులోకి పనికొస్తుందని మగ చెట్టు కంకి కోసుకుపోయేవాళ్లకు మాత్రం తట్టుకోలేకపోతోంది. కంకి లేకపోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే గింజ లేదు. ఉన్న చెట్లు ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉంటాయి, చూసినవాళ్లు అడవి బాగానే ఉందనుకుంటారు. పిల్ల మొక్కలు లేవన్న సంగతి ఎవరూ గమనించరు. అది కూడా నిదానంగానే జరుగుతుంది. మంచి మాత్రమే నిదానంగా జరుగుతుందని ఎవరు చెప్పారు?

టైమయిందని కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. మా మనవడిలాగే. (నవ్వులు) ఒక్క ఇంటి సంగతి చెప్పి ఆపేస్తాను.

మా ఇంటి వంటగది సన్‌షేడ్ మీద ఒక రావిమొక్క. ఏ కాకో మైనానో చేసిన పని. మొదట చూసినప్పుడు నాలుగాకులు, ముచ్చటగా ఉంది. రావిని తీసేస్తే అపచారమని మా ఆవిడ వద్దంది. రెండో ఏడు గోడలో సన్నటి చీలిక. మేస్త్రీని పిలిస్తే కోసేసి సిమెంటు పూశాడు. మళ్లీ ఏడు చీలిక పక్కనించి చిగురు. ఈసారి ఇంకో మేస్త్రీ, ఏదో మందు పోశాడు, డబ్బులు ఎక్కువ తీసుకున్నాడు. మూడోసారి నేనే స్టూలు ఎక్కి పెరికాను, వేరు తెగి సగం లోపలే ఉండిపోయింది, నేను కింద పడ్డాను. ఆ వేరు కొస వెంట్రుకంత ఉంది. పట్టుకుంటే మెత్తగా, వంకాయ తొడిమ కంటే మెత్తగా ఉంది. ఇటుకల మధ్య ఇనుప గునపం దిగని చోట అది దిగింది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశారా మీరు? ఐదెకరాలకు పైగా పాకింది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అదీ ఒకప్పుడు ఇలాంటి వెంట్రుక వేరే.

అంతే, చాలు. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలో నుంచి ఒకరు: సార్, మీరు మూడోసారి పెరికారు కదా, ఇంతకీ ఆ రావిమొక్క ఏమైంది?)

మొన్న బుధవారం బట్టలారేయడానికి మేడ మీదికి వెళ్లి మా ఆవిడే చూసిందండీ. రెండాకులు. ఈసారి బాత్రూమ్ వైపు నుంచి.